ఆడపడుచు ఆజ్ఞ

కాల్చిన పందిపిల్లని కొబ్బరాకుల బుట్టలో పెట్టుకుని, కొత్త చాప ఒకటి చంకన ఇరికించుకుని, కాలోలైనె పొద్దున్నే వచ్చి వియ్యపురాలు సెలా వాకిట్లో నేల మీద చతికిలబడింది. గుమ్మం ఎక్కమంటే ఎక్కదు. టీ తాగమంటే తాగదు.

"లోపలికి రా వదినా, ఎండ మొహాన కొడుతోంది," అని సెలా అప్పటికి నాలుగుసార్లు పిలిచింది.

"నాకిక్కడ బాగానే ఉంది. మీ అమ్మాయిని ఒక్కసారి బయటికి రమ్మను."

లోసాలినె లోపల యూనిఫాం గుండీలు పెట్టుకుంటూ అంతా వింటోంది. వదిన పిసిలా మాటా పలుకూ లేకుండా మూట కట్టుకుని పుట్టింటికి వెళ్ళిపోయి మూడు రోజులైంది. ఎందుకెళ్ళిందో ఎవరూ చెప్పరు. కబురు పంపితే "బాగానే ఉంది" అని తిరుగు కబురు. నిండు గర్భిణి అలా వెళ్ళిపోతే బాగుండడమేమిటి? ఆ మూడు రోజులూ లోసాలినెకి తిండి సహించలేదు.

ఆమె వాకిట్లోకి రాగానే కాలోలైనె తల దించుకుంది. తల్లి కంటే పదేళ్ళు పెద్దావిడ తనని చూసి అలా తల దించుకుంటుంటే లోసాలినెకి ఒళ్ళు చచ్చిపోయినట్టయింది.

"రాత్రి దానికి నొప్పులొచ్చాయి," అంది కాలోలైనె. "తెల్లారేసరికి ఆగిపోయాయి. ఆసుపత్రిలో పడుకోబెట్టి ఇటు వచ్చాను. దాన్ని క్షమించండి."

"క్షమించడానికి వదిన ఏం చేసింది అత్తయ్యా?"

"ఏదో చేసే ఉంటుంది. మేనత్త మనసు కష్టపెట్టకపోతే బిడ్డ దారిలో ఎందుకాగుతుంది?"

"తొలిచూలు నొప్పులు అలాగే వచ్చి పోతుంటాయి అత్తయ్యా. కాసేపు నడిపిస్తే మళ్ళీ అందుకుంటాయి. మాకు పాఠంలో..."

"నీ పాఠం తర్వాత చెబుదువుగాని," అని సెలా కసిరింది. "ముందా పందిపిల్లని పుచ్చుకో. పెద్దావిడ ఎంతసేపు పట్టుకుని కూర్చుంటుంది?"

"నాకు కోపమే లేకపోతే ఎలా పుచ్చుకోను?"

"లేకపోతే మరీ మంచిది. లేని కోపం పోయిందని చెప్పి పుచ్చుకో."

కాలోలైనె చాప విప్పి లోసాలినె కాళ్ళ ముందు పరిచింది. చాప చివర ఎర్ర ఉన్ని అల్లి ఉంది. పుట్టబోయే మనవడికని ఆరు నెలలుగా నేసిన చాప అదేనని ఊరందరికీ తెలుసు. "ఇవాళ మీ పంతులమ్మ ముందు మేం కూర్చోవాలట కదా," అంది. "అన్నీ మంచి మాటలే చెబుతాం. మీరేం దిగులు పడకండి. దాని మీద ఉన్న కోపం మాత్రం తీసెయ్యండి."

లోసాలినె గుండెల్లో రాయి పడింది. ఆ మంచి మాటలే కదా తన కొంప ముంచుతున్నది.

మంత్రసాని చదువులో ఈ ఏడాది కొత్త పద్ధతి పెట్టారు. పంతులమ్మ ఒక్కర్తే చదువు చెబితే సరిపోదు, కాన్పయ్యే తల్లీ ఆమె ఇంటివాళ్ళూ కూడా చెప్పాలి. ఒక్కో పిల్ల ఒక్కో గర్భిణిని పట్టుకుని నెలలు నిండేదాకా ఆమె వెంట ఉండాలి. ఏం బాగా చేసిందో, ఏం చెడగొట్టిందో ఆ ఇంటివాళ్ళు పంతులమ్మ ఎదుట కూర్చుని చెప్పాలి. వాళ్ళు చెప్పాకే ఆ పిల్లకి కాన్పు గదిలో చోటు.

లోసాలినెకి మొదట దొరికిన గర్భిణి మొగుడితో పెద్దదీవికి వెళ్ళిపోయింది. అప్పుడు ఈ మహాతల్లి ఏం చేసిందయ్యా అంటే, మా వదిన ఇంట్లోనే ఉంది కదా, వెతుక్కోవడం ఎందుకు అనుకుంది. వవాఊ దీవి మొత్తం గాలించినా ఇంత తెలివితక్కువ ఎంపిక ఇంకొకరు చేసి ఉండరు. పుట్టే బిడ్డకి ఆమె మేనత్త. పేరు పెట్టేది ఆమె. ఆ బిడ్డ పెళ్ళిలోనూ చావులోనూ అందరికంటే పైచాప మీద కూర్చునేది ఆమె. అలాంటిదాన్ని పట్టుకుని "నువ్విది తప్పు చేశావు" అనే మొనగాడు ఆ కుటుంబంలో ఎవడున్నాడు?

పోయిన వారం పంతులమ్మ లెసియెలి మొహాన్నే చెప్పేసింది. "ఎప్పుడడిగినా మీ వాళ్ళు అంతా బాగుందంటున్నారు. నువ్వు తప్పులే చెయ్యలేదంటే నేను నమ్మను. నీ వదిన నోటితో ఒక్క తప్పయినా వినాలి, దాన్ని నువ్వెలా దిద్దుకుంటావో చూడాలి. లేకపోతే ఆ కాన్పుకి నువ్వు బయటే. వచ్చే ఏడు మళ్ళీ మొదట్నుంచి చదువుకో."

లోసాలినె చాప మడిచి తిరిగి కాలోలైనె ఒళ్ళో పెట్టింది. "ఇది మీ మనవడిదే," అంది. "పదండి, ఆసుపత్రికి పోదాం. నాకు కోపం లేదని వదినకి నేనే చెబుతాను."

పందిపిల్లని మాత్రం సెలా వదల్లేదు. బుట్టతో సహా ట్రక్కు ఎక్కించింది. ఊరికే కూర్చునే జనానికి మధ్యాహ్నం ఆకలేస్తుందని ఆవిడ లెక్క.

* * *

కాన్పుల వార్డు వరండాలో అప్పటికే చాపలు పరిచి ఉన్నాయి. పిసిలా అక్కచెల్లెళ్ళు ఇద్దరు, ఒక పిన్ని, గోడవార వరసగా కూర్చున్నారు. అందరూ నడుములకి చాపలు చుట్టుకుని చర్చికొచ్చినంత పద్ధతిగా ఉన్నారు. మధ్యలో తలగడ ఆనుకుని పిసిలా. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. లోసాలినెని చూడగానే లేచి పక్కకి జరగబోయింది.

"పడుకో వదినా."

"మీరిలా పైన కూర్చోండి."

ఎప్పుడూ మీరే. తన కంటే మూడేళ్ళు పెద్దది, ఒకే కంచంలో రొయ్యలు తిన్నది, కడుపుతో ఉందని తెలిసిన రోజు నుంచి నువ్వు పోయి మీరు వచ్చింది. అది గౌరవమనుకుని ఇన్నాళ్ళూ లోసాలినె లోలోపల మురిసిపోయింది కూడా.

వరండా దిగువన పనసచెట్టులా గుబురుగా పెరిగిన రొట్టెపండు చెట్టు కింద లోసాలినె అన్న మోసెసె నిలబడి ఉన్నాడు. తిమింగలాలు చూడవచ్చిన వాళ్ళని పడవలో తిప్పే పని అతనిది. కబురందగానే పడవ వదిలేసి పరిగెత్తుకొచ్చినట్టున్నాడు, చొక్కా తడిగానే ఉంది. చెల్లెలు మెట్లెక్కడం చూసి మరో నాలుగడుగులు వెనక్కి పోయి వీపు తిప్పాడు. చెల్లెలున్న చోట కాన్పు మాట వినబడితే అన్న అక్కడ ఉండకూడదు. మీసాలు వచ్చినప్పట్నుంచి అతను ఆ హద్దు దాటింది లేదు.

లెసియెలి మోడా లాక్కుని కూర్చుంది. పొట్టి మనిషి, నవ్వు తక్కువ. పిసిలా కడుపు మీద చెయ్యి పెట్టి చూసి, బిడ్డ గుండె విని, "బిడ్డ హాయిగా ఉంది. తల్లి కాస్త నడిస్తే నొప్పులు వాటంతటవే వస్తాయి," అంది. "ఈలోగా మన పని చూసుకుందాం. చెప్పండమ్మా, ఈ అమ్మాయి ఎలా చేసింది?"

"చాలా బాగా చేసింది," అంది పిన్ని.

"ఎంతో ఓపిక," అంది అక్క.

"దేవుడిచ్చిన చెయ్యి," అంది చెల్లెలు. ఆ అమ్మాయి ముందే నేర్చుకొచ్చినట్టుంది, చెప్పేసి ఊపిరి పీల్చుకుంది.

"ఏదైనా నచ్చనిది?"

నలుగురూ చాపల అల్లిక చూసుకున్నారు. సముద్రం వైపు నుంచి ఓ పంది కూనల్ని వెంటేసుకుని తీరిగ్గా వరండా ముందు నుంచి వెళ్ళింది. అది వెళ్ళేదాకా అందరూ దాన్నే చూశారు.

"ఏమీ లేదు," అంది కాలోలైనె.

లెసియెలి లోసాలినె వైపు చూసింది. పోయిన వారం చెప్పిందే ఆ చూపులో ఉంది.

లోసాలినెకి ఏడుపు ముంచుకొచ్చింది. ఏడాది చదువు పోతుందన్న బాధ ఉంది, అబద్ధం ఎందుకు. దానికంటే పెద్ద బాధ ఇంకోటుంది. వదిన తనని చూసి జంకుతోంది. నొప్పులు పడాల్సిన మనిషి, తనెక్కడ నొచ్చుకుంటుందోనని నోరు నొక్కుకుని పడుకుంది. ఇలాంటి మనిషి చెయ్యి పట్టుకుని తను కాన్పు చేస్తుందా?

ఆమె పైచాప మీంచి లేచింది. వచ్చి పిసిలా పాదాల దగ్గర, చాప లేని నేల మీద కూర్చుంది. పిన్ని "అయ్యయ్యో" అని లేవబోతే చేత్తో ఆపింది.

"వదినా, నేనేం తప్పు చేశాను?"

"మీరేం చెయ్యలేదు."

"మరి ఎందుకెళ్ళిపోయావు?"

"అమ్మని చూడాలనిపించింది."

"అమ్మ వారానికి మూడుసార్లు మనింటికే వస్తుంది కదా."

పిసిలా పెదవి కొరుక్కుంది.

అప్పుడు లోసాలినెకి ఏమనిపించిందో ఏమో, వీపు నిటారుగా పెట్టింది. గొంతు మారింది. పెళ్ళిళ్ళలో పెద్ద మేనత్తలు పంది తలకాయ ఎవరికివ్వాలో చెప్పే గొంతు అది.

"పిసిలా, నేను నీ బిడ్డకి మేనత్తని. అవునా?"

"అవును."

"నా మాట కాదనడానికి మీ వాళ్ళలో ఎవరికైనా హక్కుందా?"

"లేదు," అన్నారు అందరూ. కాలోలైనె కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టింది.

"అయితే నా ఆజ్ఞ. నేను చేసిన తప్పులన్నీ ఇప్పుడే, ఇక్కడే, ఈ పంతులమ్మ ఎదుట చెప్పు. తిట్టాలనిపిస్తే తిట్టు. ఒక్కటి దాచినా నా మాట మీరినట్టే."

వరండా అంతా బిగుసుకుపోయింది. ఇలాంటి ఆజ్ఞ ఆ దీవుల్లో పుట్టి బుద్ధెరిగిన వాళ్ళెవరూ విని ఉండరు. చెబితే మేనత్తని అన్నట్టు, చెప్పకపోతే మేనత్త మాట తోసేసినట్టు. లెసియెలి మోడా కాస్త ముందుకి జరుపుకుంది.

పిసిలా అమ్మ వైపు చూసింది. అమ్మ కళ్ళు తెరవలేదు. ఆడపడుచు వైపు చూసింది.

"డబ్బా మాంసం," అంది మెల్లిగా.

"ఏమిటి?"

"ఆదివారం. డబ్బా మాంసం."

"దాని సంగతేమిటి?"

"నాకు రక్తపోటు పెరిగిందని గదిలో నువ్వు నాకు చెప్పావు. ఉప్పు తగ్గించమన్నావు. సరేనన్నాను. ఎప్పుడైనా దొంగతనంగా ఓ ముద్ద తింటున్నానని నేను నీకు చెప్పానా లేదా? నీకు. నీ ఒక్కదానికి." గొంతు పెరుగుతోంది. "ఆదివారం గుంట పొయ్యి తవ్వి డబ్బా మాంసం ఆకు పొట్లాలు పంచేటప్పుడు, పాదిరిగారు కూర్చుని ఉండగా, 'వదినకివ్వకండి, దొంగతనంగా డబ్బా మాంసం తింటోంది' అని నవ్వుతూ అన్నావు. మీ అమ్మ నా ఆకులోంచి పొట్లం తీసేసింది. ఇరవై మంది నవ్వారు. పాదిరిగారు కూడా నవ్వారు."

"నేను సరదాగా..."

"నీకు సరదా. నేను రాత్రి అన్నం ముట్టలేదు. ఎవరైనా అడిగారా? గదిలో నీకు చెప్పింది వంటింట్లోకి వచ్చేస్తుంటే ఇక నీకేం చెప్పను? కాళ్ళు వాస్తున్నా చెప్పలేదు, తెలుసా? చెబితే అది కూడా చర్చిలో పాడతావని."

లెసియెలి చటుక్కున వంగి పిసిలా పాదాలు నొక్కి చూసింది. వేళ్ళ గుంటలు పడ్డాయి. నర్సుని పిలిచి రక్తపోటు చూడమంది. ఆ పట్టీ చేతికి చుడుతున్నంతసేపూ లోసాలినె ఆ గుంటలకేసే చూస్తూ కూర్చుంది. తన నోటి దురద వల్ల వదిన కాళ్ళవాపు దాచుకుంది. అదే ఏ ప్రమాదానికి దారి తీసి ఉంటే?

"కాస్త ఎక్కువే ఉంది," అంది లెసియెలి. "అయినా చేతిలోనే ఉంది. ఇవాళ గంట గంటకీ చూస్తాం. చెప్పి మంచి పని చేశావమ్మా. ఇంకా?"

ఇంకానా? గండి పడ్డాక ఆగుతుందా?

"నన్ను ప్రశ్నలడుగుతుంది, జవాబులు తనే చెప్పుకుంటుంది. 'నిద్ర పట్టిందా వదినా, పట్టే ఉంటుంది.' నా నోరు నా దగ్గరే ఉండిపోతోంది."

పిన్ని కిసుక్కున నవ్వి, చీర కొంగులాగా నడుము చాప అంచు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ రోజు ముగ్గురు స్నేహితురాళ్ళని వెంటేసుకొచ్చావు. 'మా వదిన కడుపు పట్టుకు చూడండే, బిడ్డ తల ఎంత చక్కగా తెలుస్తుందో' అన్నావు. నన్నొక్క మాట అడిగావా? సంతలో పుచ్చకాయనా నేను?"

"నేనక్కడే ఉన్నాను," అని అక్క ఉన్నట్టుండి అందుకుంది. "దానికి ఏడుపొక్కటే తక్కువ ఆ రోజు."

"నాతోనూ అలాగే," అని చెల్లెలు మొదలుపెట్టింది. "అక్కకి కొబ్బరినూనె రాయబోతే, నీకేం తెలుసని నా చేతిలోంచి సీసా..."

"వరసలో రండి," అంది లెసియెలి. మొదటిసారి ఆమె మొహంలో నవ్వు కనబడింది.

లోసాలినె తల దించుకుని అన్నీ విన్నది. చెవులు కాలుతున్నాయి, కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి, మరి లోపల ఈ సంతోషం ఎక్కడిదో ఆమెకే తెలియలేదు. వదిన నువ్వు అంటోంది. గొంతెత్తి, చెయ్యి ఊపి, పాత పిసిలాలాగా తిడుతోంది.

"తప్పే వదినా," అంది. "గదిలో నువ్వు చెప్పింది వంటింట్లో చెప్పాను. మంత్రసాని కాదు కదా, మనిషి కూడా అలా చెయ్యకూడదు. ఇక మీదట నీ ఒంటి సంగతి మా అమ్మకి చెప్పాలన్నా నిన్నడిగే చెబుతాను. చెయ్యి వెయ్యాలన్నా నిన్నడిగే వేస్తాను."

"పొట్లం తీసింది నేను," అని సెలా గొణిగింది. "నన్నెవరూ తిట్టరే?"

"నీ వంతు వస్తుందిలే అత్తయ్యా," అంది పిసిలా. అనేసి నాలిక కరుచుకుంది. కాని సెలా నవ్వేసింది. ఆ నవ్వుకి వరండా మొత్తం సడలింది. కాలోలైనె కళ్ళు తెరిచి, అంతా బతికే ఉన్నారని చూసుకుని, పందిపిల్ల బుట్ట ముందుకు లాగింది.

అప్పుడే పిసిలా తన అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది. మొహం చిట్లించింది. ఊపిరి బిగబట్టి, వదిలింది.

"వచ్చిందా?" అంది లోసాలినె. అడిగి, ఆగింది. జవాబు తను చెప్పలేదు.

"వచ్చింది. గట్టిగా."

కాలోలైనె రెండు చేతులూ ఆకాశానికెత్తింది. మేనత్త కోపం దిగిపోయిందన్నదే ఆవిడ లెక్క. లెసియెలి లెక్క వేరు. ఎవరి లెక్క వాళ్ళది, నొప్పులు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. పిసిలాని లేవదీసి వరండాలో ఆ చివర్నుంచి ఈ చివరికి నడిపించారు. ఒక చెయ్యి అక్క భుజం మీద, రెండోది, లోసాలినె అడిగి మరీ ఇచ్చిన భుజం మీద.

"నాకు కావలసింది విన్నాను," అంది లెసియెలి. "నువ్వు లోపలికి రావచ్చు. చేతులు కడుక్కో."

లోసాలినెకి కాళ్ళు నేల మీద నిలవలేదు. నాలుగు నెలలుగా కల కంటోంది ఈ మాట కోసం. తన చేతుల్లోకి వచ్చే మొదటి బిడ్డ, తన మేనకోడలో మేనల్లుడో. పంపు దగ్గరికి పరుగున వెళ్ళి మోచేతులదాకా సబ్బు రుద్దింది.

తిరిగొచ్చేసరికి పిసిలా కాన్పు గది గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. లోపలికి వెళ్ళడం లేదు.

"ఇంకొకటి ఉంది," అంది. "అన్నీ చెప్పమన్నావుగా."

"చెప్పు వదినా."

"నాకు భయంగా ఉంది. మోసెసె కావాలి. లోపల, నా పక్కన."

సెలా గబగబా గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అదెలా కుదురుతుందే?" అంది సెలా. "లోపల లోసా ఉంటుంది కదా. అన్నా చెల్లెలూ, ఆ గదిలో, అలాంటప్పుడు..." ఆవిడకి ఆ వాక్యం పూర్తి చెయ్యడానికి కూడా నోరు రాలేదు.

"అందుకే ఇన్నాళ్ళూ అడగలేదు," అంది పిసిలా. మరో నొప్పి వచ్చి గుమ్మాన్ని గట్టిగా పట్టుకుంది.

కాన్పయ్యే తల్లి అడిగింది. విన్న పిల్ల ఏం చేస్తుందో చూద్దామని లెసియెలి చేతులు కట్టుకుని నిలబడింది.

లోసాలినె తన చేతులకేసి చూసుకుంది. నీళ్ళు ఇంకా ఆరలేదు. ఇవాళ బయట ఉండిపోతే ఏడాది పోయినట్టే. చాలా బాధేసింది. కోపం కూడా వచ్చింది, వదిన మీద, అన్న మీద, ఈ హద్దులు పెట్టిన ముత్తాతల మీద. తర్వాత గుమ్మం పట్టుకున్న వదిన వేళ్ళు కనబడ్డాయి.

ఆమె మెట్లు దిగింది. రొట్టెపండు చెట్టుకి దూరంగా, అన్న వైపు చూడకుండా, పక్కకి తిరిగి నిలబడింది.

"అన్నయ్యా. వదిన నిన్ను పిలుస్తోంది. లోపలికి వెళ్ళు. నేను బయటుంటాను."

ఈ విషయం చెల్లెలు తనతో నేరుగా మాట్లాడుతుందని మోసెసె కలలో కూడా అనుకోలేదు.

"నీ చదువో?" అన్నాడు చెట్టు మొదలుకేసి చూస్తూ.

"వచ్చే ఏడు చూసుకుంటాను."

"నిన్ను బయట నిలబెట్టి నేను లోపలికి పోతే నేనేం అన్నని? నువ్వే వెళ్ళు. దానికి నేను ఇక్కడే ఉన్నానని చెప్పు."

"ఇక్కడుంటే వదినకి సరిపోదుట."

"నేను రాను లోసా."

"నేనూ వెళ్ళను."

"మీ ఇద్దర్లో ఎవర్నైనా నేను పొమ్మన్నానా?"

వరండా మీంచి వచ్చింది ఆ కేక. పిసిలా గుమ్మం వదిలేసి మెట్లదాకా నడిచొచ్చింది. జుట్టుముడి ఊడిపోయింది, చెమటతో గౌను ఒంటికి అంటుకుపోయింది. అక్కా చెల్లీ చెరోవైపు పట్టుకోలేక పట్టుకుంటున్నారు.

"కనేది నేను. అతను నా మొగుడు, నువ్వు నా మంత్రసానివి. ఇద్దరూ కావాలి నాకు. ఇద్దరూ రండి."

కాలోలైనె చాపలో మొహం దాచుకుంది. సెలా లెసియెలి వైపు తిరిగి, "మీరు పెద్దవారు, మీరైనా చెప్పండమ్మా," అని బతిమాలింది.

"ఇవాళ పాఠం చెప్పేది నేను కాదు," అంది లెసియెలి, గది తలుపు రెండు రెక్కలూ బార్లా తీస్తూ.

అన్నా చెల్లెలూ మెట్ల దగ్గరికి వచ్చి ఆగారు. వెళ్ళాలని ఇద్దరికీ తెలుసు, ఎవరు ముందు ఎక్కాలో మాత్రం తెలియలేదు.